రెండో గదికీ కొత్తిమీర

పెళ్ళయిన పదకొండో రోజు పొద్దున్నే భర్త ఆమె అరచేతిలో ఒక గుడ్డు పెట్టాడు. పెట్ట అప్పుడే లేచిపోయిన గూట్లోంచి తీసింది, ఇంకా వెచ్చగా ఉంది. ఇంత చిన్న వెచ్చదనం కోసం కూడా మనిషి కోడికన్నా ముందు నిద్ర లేవచ్చునని కొత్త కోడలికి మొదటిసారి అనిపించింది. మెల్లగా వేళ్ళు ముడిచింది. గుడ్డు పుటుక్కుమని చితికి, సొన మోచేతి దాకా కారింది.

“అయ్యో, నేను గట్టిగా పట్టుకోలేదండీ!”

“తెలుసులే. ఈ వారంలో నా చేతిలోనే తొమ్మిది చితికాయి” అన్నాడతను, భుజం మీది తువ్వాలుతో ఆమె చెయ్యి తుడుస్తూ. “కొత్త పెళ్ళికూతురివి, నాలుగు రోజులు అంతా బాగుందనుకోనీలే అని చెప్పలేదు.”

“మరి ఇవాళ ఎందుకు పెట్టారు చేతిలో?”

“ఇది కాస్త గట్టిగా కనిపించింది.”

ఆ ఇంట్లో నలుగురు మనుషులు, నూట అరవై కోళ్ళు. మామగారు ముప్ఫై ఏళ్ళు వడ్రంగం చేసి, మోకాళ్ళు మొండికేశాక ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి గుడ్ల పెట్టల్ని పెంచడం మొదలుపెట్టారు. షెడ్డు మధ్యలో ఇనుప వల. ఇటు మొదటి గది, అటు రెండో గది, గదికి ఎనభై. దాణా కలపడం, నీళ్ళు పట్టడం, గుడ్లు అట్టల్లో సర్ది దుకాణాలకు చేర్చడం కొడుకు పని. మేత వెయ్యడం మాత్రం అత్తగారిది. అందులో ఆవిడ ఎవర్నీ వేలు పెట్టనివ్వరు. ఒకటే బేసిన్, ఒకటే చెయ్యి. ముందుకు తోసుకొచ్చే పెట్టల్ని మోకాలితో అడ్డుకుని, వెనక బిక్కుబిక్కుమంటూ నిలబడ్డవాటికి విడిగా పిడికెడు విసిరి, “నీకందిందా? నీకో?” అని అడిగి గానీ బయటికి రారు.

కోడలు కాలేజీలో పశుపోషణ చదివింది. చితికిన పెంకును కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే నూనె పూసిన కాగితంలా అవతలి వెలుగు కనపడింది. పెంకు గట్టిపడటానికి గుల్లపొడి వేస్తున్నారా అని అడిగింది. వేస్తూనే ఉన్నారు. ఆ రోజంతా రెండు గదుల్లోనూ నిలబడి చూసింది. కొన్ని పెట్టలు ఎవరివో చెప్పులు వేసుకున్నట్టు తడబడి నడుస్తున్నాయి. కొన్ని రెక్కలు జారేసుకుని మూల నక్కాయి. తలమీది జుట్టు ఎరుపు వెలిసిపోయింది. వారం తిరక్కుండా గదికొకటి చచ్చిపోయింది.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద సంచి, మాట తక్కువ. పెరట్లో బట్టలుతికే రాతి మీద చచ్చిన పెట్టను కోసి, కందనకాయ చీల్చింది. కోడికి పళ్ళు లేవు కనక అది మింగిన ఇసుకరాళ్ళే కందనకాయలో చేరి గింజల్ని నూరుతాయి. మింగిన గట్టి వస్తువు ఏదైనా అక్కడ చాలాకాలం తిష్ఠ వేస్తుంది. ఆ రాళ్ళ మధ్య నుంచి డాక్టరమ్మ పట్టకారుతో నాలుగు ఆకుపచ్చ పెచ్చులు తీసి తెల్ల పళ్ళెంలో పెట్టింది.

“ఈ రంగు ఎక్కడిది?”

మామగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. ఆ ఆకుపచ్చ ఆయనకు తెలుసు. రెండేళ్ళ కిందట ఎవరో పాత భవనం కూల్చేస్తుంటే పన్నెండు తలుపులు బండి మీద వేసుకొచ్చి, వాటితో పెట్టలు గుడ్లు పెట్టుకునే గూళ్ళు చేశారు. ఒక్క మేకు కొట్టలేదు. చెక్కలో చెక్క వేలిలో ఉంగరంలా ఇమిడేట్టు చేశారు. ఇంటికొచ్చిన వాళ్ళకు ముందు గూళ్ళు చూపించి, ఆ తరవాతే కోళ్ళను చూపించేవారు. గుడ్డు పెట్టేదాకా ఊరికే కూర్చోలేని పెట్టలు ఆ పాత రంగును పెచ్చు పెచ్చుగా పొడుచుకు తిన్నాయి. ఆ కాలపు రంగులో సీసం ఉంది.

గుడ్లు పరీక్షకు వెళ్ళాయి. గుడ్డులో సీసం ఇంతకు మించకూడదని పశువైద్య ఆఫీసు గీసిన గీత నూరు. మొదటి గది గుడ్లు రెండువందల ముప్ఫై ఎనిమిది, రెండో గదివి రెండువందల నలభై ఒకటి.

“గుడ్లు అమ్మడానికి లేదు, తినడానికి లేదు, ఎవరికైనా ఊరికే ఇవ్వడానికీ లేదు” అంది డాక్టరమ్మ. “మామూలుగా అయితే మందనంతా పూడ్చిపెట్టమని రాసేస్తాను.”

“నూట యాభై ఎనిమిదీనా?” అన్నారు అత్తగారు. చచ్చిన రెంటినీ ఆవిడ అప్పుడే లెక్కలోంచి తీసేశారు.

“అన్నీ.”

కోడలికి ఆఖరి ఏడాది ప్రయోగం గుర్తొచ్చింది. సీసం తిన్న కోడిపిల్లలకు ఎండబెట్టిన కొత్తిమీర, వెల్లుల్లి పొడి దాణాలో కలిపి పెట్టి, వాళ్ళ మేష్టారూ ఆమే నాలుగు నెలలు గిన్నెలు తూచారు. “మూలం తీసేసి, ఆకుల పొడి పెట్టి చూస్తే?” అంది.

“నేనూ చదివాను అవన్నీ. కొన్నిచోట్ల సీసం దిగిందన్నారు, కొన్నిచోట్ల పెద్ద తేడా లేదన్నారు.”

“అందుకే చూద్దామండీ.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే” అన్నారు మామగారు, ఎవరివైపూ చూడకుండా.

“కాలకముందు ఆకులెందుకు మావయ్యా? పట్టుకోవలసింది ఇప్పుడే కదా.”

డాక్టరమ్మ మొదటిసారి ఆమెవైపు నిదానంగా చూసింది. సంచిలోంచి కాగితం తీసి రాసింది. “ఆరు వారాలు. గూళ్ళు, కింది మట్టి అన్నీ తీసేయాలి. తలుపులు కాల్చకూడదు, పొగలో కూడా సీసం పోతుంది, మా బండి వచ్చి పట్టుకెళ్తుంది. పెట్టిన గుడ్డు పెట్టినట్టు పగలగొట్టి సున్నం గోతిలో వెయ్యాలి. ఆరు వారాల తరవాత గది గదికీ విడిగా గుడ్లు పరీక్షకు పంపుతాను. నూరు దాటిన గది పూడ్చాల్సిందే. ఒప్పుకుంటే సంతకం పెట్టు.”

కోడలు సంతకం పెట్టింది. కొత్త ఇంటిపేరుతో చేసిన మొదటి సంతకం అది. చివరి అక్షరం దగ్గర కలం కొంచెం తడబడింది.

గూళ్ళు విప్పింది మామగారే. కొడుకు సుత్తి తెస్తే వద్దన్నారు. ఎలా ఇమిడ్చారో అలాగే ఒక్కొక్క చెక్కనూ ఊడదీసి, పట్టా మీద పేర్చి, పైన ఇంకో పట్టా కప్పారు. గూళ్ళ స్థానంలో పక్కకి కోసిన ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో గడ్డి వచ్చాయి. పెట్టలు రెండు రోజులు అలిగి నేలమీదే పెట్టి, మూడో రోజు డబ్బాల్లోకి ఎక్కాయి.

కోడలు కొత్త నోటుపుస్తకం తీసి గీతలు గీసింది. భర్త అప్పట్నించీ ఆమెను “పంతులమ్మా” అని పిలవడం మొదలుపెట్టాడు. మొదటి గదికి పొడి కలిపిన దాణా. రెండో గదికి ఉత్త దాణా.

“ఉత్తదెందుకు?” అన్నారు అత్తగారు.

“మూలం తీసేశాం కనక సీసం దానంతటదే కొంత దిగుతుంది అత్తయ్యా. పొడి వల్ల ఎంత దిగిందో తెలియాలంటే పొడి తినని కోళ్ళు కూడా ఉండాలి కదా. రెంటినీ పోల్చి చూస్తాం.”

“మరి రెండో గది నూరు దాటితే?”

“దాటకపోవచ్చు.”

“దాటితే?”

“దాటితే... డాక్టరమ్మ చెప్పింది కదా.”

“ఆ గదిలోవి ఏం పాపం చేశాయే? వలకి ఇటు పడాల్సినవి అటు పడ్డాయి, అంతేగా.”

“పాపం కాదత్తయ్యా, పద్ధతి.”

అత్తగారు కాసేపు వలవైపు చూశారు. “సరే” అన్నారు. ఆ సరేను కోడలు ఒప్పుకోలు కింద రాసుకుంది. అత్తగారితో ఆమె పరిచయం అప్పటికి ఇరవై రోజులు.

పొడి చెయ్యడం పెద్ద సంబరమే అయింది. కొత్తిమీర కట్టలు, మునగాకు, పల్చగా తరిగిన వెల్లుల్లి డాబా మీద పాత దుప్పట్ల మీద నీడపట్టున ఆరాయి. గాలి వీస్తే దుప్పటి నాలుగు మూలలకీ నలుగురూ పరిగెత్తేవారు. ఆరిన ఆకును భర్త రోట్లో దంచుతుంటే కోడలు జల్లెడ పట్టేది. పచ్చటి దుమ్ము లేచి ఆమె కనురెప్పల మీద వాలేది. అతను పని ఆపి ఆ రెప్పల్నే చూసేవాడు.

“ఏంటండీ?”

“ఏం లేదు. నీక్కూడా సీసం దిగుతోందేమో చూస్తున్నా.”

అతని చొక్కాలన్నీ వెల్లుల్లి వాసన. దుకాణాలవాళ్ళు ఇవాళ ఇంట్లో ఏం వండారని అడుగుతున్నారని వచ్చి చెప్పేవాడు. రోజూ సాయంత్రం కోడలు చిటికెడు పసుపు కూడా కలిపి, మొదటి గదికి సరిపడా పొడి తూచి, మూత ఉన్న డబ్బాలో పోసి వంటింటి గట్టు మీద పెట్టేది. పొద్దున్నే అత్తగారు ఆ డబ్బా తీసుకుని షెడ్డులోకి వెళ్ళేవారు. గుడ్లు పగలగొట్టే పని భర్తది. మొదటి గదివి ఎర్ర బకెట్‌లో, రెండో గదివి నీలం బకెట్‌లో వేసి లెక్క రాసి, గోతి దగ్గర కూర్చుని, ఈల వేస్తూ ఒక్కొక్కటీ పగలగొట్టేవాడు. ఈల ఎందుకంటే, లేకపోతే చప్పుడు మరీ ఎక్కువగా వినిపిస్తుందన్నాడు.

మూడు వారాలకు మధ్య పరీక్ష. కాగితం వచ్చింది. మొదటి గది నూట డెబ్భై ఆరు. రెండో గది నూట డెబ్భై తొమ్మిది.

కోడలు కాగితాన్ని మూడుసార్లు చదివింది. రెండు గదులూ దిగాయి, ఒక్కలాగే దిగాయి. అంటే పొడి చేసిందేమీ లేదు. అంతకన్నా చేదు లెక్క ఇంకోటి ఉంది. మూడు వారాలకు పావు వంతు దిగాయి, అదే వంతున నడిస్తే ఆరు వారాలకు రెండూ నూట ముప్ఫై దగ్గర ఆగుతాయి. నూట ముప్ఫై అంటే గొయ్యి.

“కొండంత రాగం తీశాం” అన్నారు మామగారు. ఎగతాళిగా అనలేదు, తనను కూడా కలుపుకునే అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన ఎవరికీ చెప్పకుండా షెడ్డులోకి వెళ్ళి, పనికిరాని మోకాళ్ళ మీదే వంగి, నేలంతా వెతికారు. గంట తరవాత చేతిలో రెండు చెక్కలతో బయటికొచ్చారు. తలుపుల్లో మిగిలిన ముక్కలు. నీళ్ళ డ్రమ్ములు అటూ ఇటూ కదలకుండా గదికొకటి కింద తనే పెట్టి, తనే మరిచిపోయారు. చెక్కల అంచుల్లో ఆకుపచ్చ రంగు సగమే మిగిలింది. మిగతా సగం పెట్టల కడుపుల్లోకి పోయింది.

“నాదే” అన్నారు. చెక్కల్ని సంచిలో కట్టి గుమ్మం బయట పెట్టారు.

మర్నాడు భర్త దాణా సరుకు కోసం వెళితే గుడ్లు పగలగొట్టే వంతు కోడలికి వచ్చింది. ముందు ఎర్ర బకెట్. మొదటి గుడ్డు కొట్టగానే పచ్చసొన ముదురు నారింజ రంగులో జారింది. ఆకు తిన్న కోడి సొన అలాగే ఉంటుంది. ఆమెకు కాస్త సంతోషం వేసింది, గోతిలోకి పోయేదైనా సరే అందంగా ఉంది. తరవాత నీలం బకెట్. ఉత్త దాణా తిన్న గదిది కనక సొన పాలిపోయి ఉండాలి. కొట్టింది. నారింజ. ఇంకోటి కొట్టింది. నారింజ. మూడోది, నాలుగోది, పదోది. గోతిలో తెల్లటి సున్నం మీద సూర్యుళ్ళు వరసగా పడ్డాయి. బకెట్లు తారుమారయ్యాయేమోనని తానే రెండో గదిలోకి వెళ్ళి, గడ్డిలోంచి అప్పుడే పెట్టిన గుడ్డు తెచ్చి కొట్టింది. అదీ నారింజే.

అత్తగారు వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

“అత్తయ్యా, రెండో గదికి పొడి వేస్తున్నారా?”

“వేస్తున్నా.” తల కూడా ఎత్తలేదు.

“ఎప్పట్నించి?”

“మొదటి రోజు నుంచీ. నీ డబ్బాలోదే. సగం ఇటు, సగం అటు. చిటికెడు కూడా నేలపాలు చెయ్యలేదు, ఆ విషయంలో నన్ను అనుమానించకు.”

“సగమా!” కోడలు పీట మీద కూలబడింది. “అంటే మొదటి గదికీ సగమే అందిందన్నమాట.”

“ఉన్నదాంట్లో అందరికీ. ఒకే పంక్తిలో కూర్చోబెట్టి ఒకళ్ళకి నెయ్యీ ఒకళ్ళకి నీళ్ళూ పోసే అలవాటు నాకు లేదమ్మా. నేను ఇటు వేస్తుంటే వల అవతల డెబ్భై తొమ్మిది మెడలు చాపి చూస్తున్నాయి. నావల్ల కాలేదు.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?”

“చెప్తే వద్దంటావు.”

“అంటాను మరి!”

“అందుకే చెప్పలేదు.”

కోడలు అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు పెరట్లోకి వెళ్ళి రెండు బకెట్లూ తోమడం మొదలుపెట్టింది. భర్త వచ్చేసరికి నీలం బకెట్ పిడి ఊడి చేతిలో ఉంది.

“అదేం చేసింది పాపం?” అన్నాడు.

జరిగింది చెప్పింది. అతను నవ్వు ఆపుకోవడానికి దాణా బస్తా వైపు తిరిగాడు, కానీ భుజాలు దాచుకోలేకపోయాడు.

“నవ్వండి! ఇంతకీ మీరు ఎవరి పక్షం?”

“నేను గుడ్ల పక్షం. రోజూ వాటిని చంపేది నేనే కదా పంతులమ్మా.” తరవాత ఆమె ముఖం చూసి నవ్వు మానేశాడు. “ఇప్పుడేం చేద్దాం?”

ఆమె వేలితో తడి రాతి మీద లెక్క వేసి చూపించింది. ఉన్న పొడి ఒక గదికి నిండుగా మూడు వారాలు వస్తుంది. ఒకే గదికి వేస్తే ఆ గది గట్టెక్కవచ్చు. పైగా ఇప్పటికైనా రెంటికీ తేడా తేలుతుంది. రెంటికీ సగం సగం వేస్తూ పోతే రెండూ మునుగుతాయి. రాతి మీద ఇది చాలా తేలికైన లెక్క. నీళ్ళు ఆరిపోగానే అంకెలు కూడా పోయాయి.

ఆ తేలిక లెక్కను పట్టుకుని ఆమె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. “సరే అత్తయ్యా, ఒక్క గదికే పొడి ఉంది. మీరే చెప్పండి, ఏ గది?”

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఆగింది. “ఆ మాట నన్నడక్కు” అన్నారు. ఇంకో కాయ ఈనె తీసి మళ్ళీ ఆవిడే అన్నారు. “పొడి ఎక్కువ చెయ్యాలంటే ఏం కావాలి?”

“ఆకు. ఇప్పుడున్నంత ఆకు మళ్ళీ కావాలి. మన మునగచెట్టు దూసేశాం, కొత్తిమీర మడిలో మొలకలే ఉన్నాయి.”

“ఆకేగా! బంగారం కాదు కదా. లే.”

“అత్తయ్యా, రెండు గదులకీ నిండుగా వేస్తే ఇక పోల్చడానికి ఏమీ మిగలదు. పొడి పనిచేసిందో లేదో మనకి ఎప్పటికీ తెలియదు.”

“నీ కాగితానికి జవాబు కావాలి, నా కోళ్ళకి ప్రాణం కావాలి. రెంటిలో ఏది ఆగలేదో చూడు.”

కోడలు నోటుపుస్తకం తెరిచింది. రెండో గది వరసలో మూడు వారాలుగా ‘పొడి లేదు’ అని తాను రాసిన ఇరవై ఒక్క గళ్ళనూ చూసింది. ఒక్కదాన్నీ చెరపలేదు. కింద రాసింది: ‘పై వరస తప్పు. ఇంతవరకు రెండు గదులకూ సగం కొలత అందింది. రేపటి నుంచి రెంటికీ నిండు కొలత. పోలిక లేదు.’ చివరి రెండు మాటలు రాయడానికి పై మాటలన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది.

ఆ సాయంత్రం నుంచి అత్తాకోడళ్ళు బజారు సర్దుకునే వేళకు రెండు గోనెసంచులతో వెళ్ళేవారు. అమ్ముడుపోక వాడిన కొత్తిమీర కట్టలు, తుంచి పారేసిన కాడలు, చిట్లిన వెల్లుల్లి రేకలు అడిగి తెచ్చేవారు.

“ఏం పెద్దమ్మా, కొత్త కోడలికి అప్పుడే ఆకులు మేపుతున్నావా?” అంది కూరగాయలామె.

“నీ పుచ్చు వంకాయలు పెట్టేకన్నా ఆకులే నయం” అన్నారు అత్తగారు, సంచి నోరు ఇంకా వెడల్పుగా పట్టి.

కోడలు పక్కున నవ్వింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. కానీ ఎవరూ కొనని పచ్చదనాన్ని బుట్టల అడుగు నుంచి గుప్పిళ్ళతో ఎత్తుకోవడంలో ఏదో సరదా ఉంది, దాన్ని కోపం కోసం వదులుకోవడం ఆమెకు చేతకాలేదు. తిరిగి వస్తుంటే సంచి తాలూకు తడి వీపుకు చల్లగా తగిలేది. అత్తగారు దారిలో ఒకసారి, ఏదో గుర్తొచ్చినట్టు, “చెప్పాల్సింది” అన్నారు. దేని గురించో కోడలు అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇంట్లో మళ్ళీ దంపుడు, జల్లెడ. గట్టు మీద ఇప్పుడు రెండు డబ్బాలు. పెట్టల్లో తడబాటు తగ్గిందని ఒక రోజు అనిపించేది, తగ్గలేదని ఇంకో రోజు అనిపించేది. అయిదో వారంలో మొదటి గదిలో ఒకటి చచ్చిపోయింది. ఆ రోజు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఆరో వారంలో కోడలు ఒక గుడ్డును అరచేతిలో పెట్టుకుని వేళ్ళు ముడిచింది. చితకలేదు. ఇంకొంచెం గట్టిగా ముడిచింది. అయినా చితకలేదు. అది ఆమె నోటుపుస్తకంలో రాయలేదు, అలాంటివి రాయడానికి గడి లేదు.

డాక్టరమ్మ వచ్చి గది గదికీ పన్నెండేసి గుడ్లు తీసుకెళ్ళింది. అయిదు రోజుల తరవాత కాగితంతో వచ్చింది. షెడ్డు ముందు నలుగురూ నిలబడ్డారు. ఆవిడ సంచి దించి, చెమట తుడుచుకుని, నీళ్ళు అడిగి తాగి, అప్పుడు కాగితం విప్పింది.

“మొదటి గది తొంభై రెండు. రెండో గది తొంభై ఆరు.”

“అంటే?” అన్నారు అత్తగారు.

“ఉంచుకోవచ్చు. ఇంకో రెండు పరీక్షలు ఇట్లాగే వస్తే గుడ్లు అమ్ముకోవచ్చు.”

అత్తగారు నిలబడ్డచోటే గోడకు చేరబడి కింద కూర్చున్నారు. మామగారు షెడ్డు గడియను రెండుసార్లు తీసి వేశారు, అది సరిగ్గా పడుతోందో లేదో చూస్తున్నట్టు. భర్త ఈల వెయ్యబోయి డాక్టరమ్మను చూసి ఆగిపోయాడు.

కోడలు కాగితం తీసుకుని అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివింది. యంత్రం చూపే అంకె ఎనిమిది అటూ ఇటూ ఉండవచ్చు. రెండు గదుల మధ్య తేడా నాలుగు.

“అయితే పొడి పనిచేసినట్టేనా?” డాక్టరమ్మ అడిగింది. “పాత బ్యాటరీలు విప్పే షెడ్డు పక్కన ఒకాయనకి నాలుగు వందల పెట్టలున్నాయి. ఇదే బాధ. నీ పొడి సంగతి విని నన్ను అడిగాడు. ఏం చెప్పమంటావు?”

“పనిచెయ్యకపోవడమేంటి, కళ్ళముందు కనపడుతుంటే!” అన్నారు అత్తగారు కింద నుంచి.

“చెక్కలు తీశాకే దిగింది” అన్నారు మామగారు.

“నా ఈల సంగతి ఎవరూ ఎత్తరేం?” అన్నాడు భర్త.

కోడలు నోటుపుస్తకం డాక్టరమ్మ చేతికిచ్చింది. ఆవిడ పుటలు తిప్పి, ‘పై వరస తప్పు’ దగ్గర ఆగి, చదివి, తలెత్తింది.

“తెలియదండీ” అంది కోడలు. “మొదటి మూడు వారాలు రెంటికీ సగం పొడి. తరవాత రెంటికీ నిండు పొడి. సరిగ్గా అదే సమయంలో డ్రమ్ముల కింద చెక్కలు దొరికాయి. ఏది ఎంత చేసిందో నేను చెప్పలేను. సీసం వచ్చే మూలాన్ని వెతికి, మట్టితో సహా తీయించమని మాత్రం ఆయనకి గట్టిగా చెప్పండి. పొడి సంగతి తెలియదనే చెప్పండి.”

“తెలియదని చెప్పడానికా అన్నేళ్ళు చదివింది!” అన్నారు అత్తగారు.

“కోడిగుడ్డు మీద ఈకలు పీకకమ్మా” అన్నారు మామగారు. “బతికాయి. చాలదూ?”

“మనకి చాలు మావయ్యా. ఆయనకి చాలదు.”

డాక్టరమ్మ పుస్తకం మూసి తిరిగి ఇచ్చింది. “నువ్వొచ్చి అక్కడ చేస్తావా? ఆయన గుడ్లు ఏడాది దాకా ఎలాగూ అమ్మనివ్వను, కాబట్టి పూడ్చే తొందర లేదు. రెండు గదులు. ఒకదానికి పొడి, ఒకదానికి ఉత్త దాణా. ఎవరూ చెయ్యి పెట్టకుండా.”

“వస్తానండీ.”

అత్తగారు లేచి, బేసిన్ నడుముకు ఆనించుకున్నారు. సాయంత్రం మేత వేళయింది. లోపల రెండు గదులూ గోల మొదలుపెట్టాయి.

“అక్కడ రెండో గదికి మేత ఎవరు వేస్తారు?”

“నేనే.”

“ఉత్త దాణా?”

“ఉత్త దాణానే.”

“రోజూ?”

“రోజూ, ఆరు వారాలు.”

అత్తగారు ఆమెను కిందినుంచి పైదాకా చూశారు. “చూద్దాం, నీ చెయ్యి ఎన్నాళ్ళు నీ మాట వింటుందో” అని లోపలికి వెళ్ళిపోయారు.

అక్కడ మొదటి వారమంతా చెయ్యి మాట విన్నది.